పాత గేమ్‌బాయ్, పీఎస్‌పీ: చూసి కొనడం, విప్పి బాగుచేయడం

"ఆన్ అవడం లేదంటున్నారు, తీసుకోవచ్చా?" అని అడిగేవాళ్లు కొందరు. "తీసేసుకున్నాను, ఆన్ అవడం లేదు, ఇప్పుడేం చేయాలి?" అని అడిగేవాళ్లు ఇంకొందరు. నింటెండో గేమ్‌బాయ్, సోనీ పీఎస్‌పీ లాంటి, చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్ మెషీన్ల గురించి బెజవాడ, గుంటూరు వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఈ రెండే. జవాబు మాత్రం ఒక్కటే. సెల్లు దగ్గర బయల్దేరిన కరెంటు బోర్డు దాకా చేరుతోందో లేదో ముందు చూడండి. చచ్చిందని తీసిపారేసినవాటిలో చాలావాటికి ఆ దారిలో చిలుమో, స్విచ్‌లో మురికో, పోయిన ఫ్యూజో తప్ప వేరే జబ్బు ఉండదు. కొత్త డిస్‌ప్లే, రంగుల బాడీ, గీతల్లేని అద్దం ఇవన్నీ తర్వాతి మాట. చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. ముందు బాడీ ఆర్డర్ చేస్తారు, అది వచ్చాక మెషీన్ విప్పుతారు, లోపల పచ్చగా పేరుకున్న చిలుము చూసి నీరుగారిపోతారు.

ఏది తీసుకోవాలి

మొదటిసారి చేయిపెడుతుంటే 2001లో వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ తీసుకోండి. రెండు పెన్సిల్ సెల్లతో నడుస్తుంది, లోపల ఇరుకు తక్కువ, విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. 1998 నాటి గేమ్‌బాయ్ కలర్ కూడా దాదాపు అంతే సులువు. 1989 నాటి మొదటి గేమ్‌బాయ్‌కి నాలుగు సెల్లు కావాలి, స్క్రీన్ మీద నిలువు గీతలు మాయమవడం దాని పుట్టు జబ్బు. 2003లో వచ్చిన ఎస్‌పీ (గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ) మడతపెట్టే రకం. డిస్‌ప్లేని బోర్డుకు కలిపే పలచటి తీగల పట్టీ, అంటే రిబ్బన్, మడత బందులోంచి వెళ్తుంది కనుక మొదటి రిపేరుకు అది వద్దు. 2006 నాటి నింటెండో డీఎస్ లైట్‌ది కూడా అదే కథ, పైగా దాని బందు దగ్గర ప్లాస్టిక్ పగలడం మామూలే.

పీఎస్‌పీల్లో లావుది 1000, సన్నవి 2000, 3000. సన్నవాటిలో ఏదైనా ఫర్వాలేదు. గేమ్‌బాయ్‌లలాగా బంధువుల సూట్‌కేసుల్లో రావాల్సిన పని లేకుండా మన షాపుల్లోనూ అమ్మిన సరుకు కాబట్టి పీఎస్‌పీలు మన ఊళ్లలో కాస్త తేలిగ్గా దొరుకుతాయి.

చేయి తిరగడానికి మాత్రం ఇంట్లో ఏ మూలో పడి ఉన్న బ్రిక్ గేమ్‌ని మించింది లేదు. పాడైపోయినా ఎవరూ ఏడవరు.

బేరానికి వెళ్లేటప్పుడు జేబులో ఉండాల్సినవి

కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు నాలుగు. ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్న, పనిచేస్తున్న గేమ్ క్యాసెట్ ఒకటి. పీఎస్‌పీ అయితే 5 వోల్టుల ఛార్జర్, లేదా 4 మిల్లీమీటర్ల బయటి కొలత, 1.7 మిల్లీమీటర్ల లోపలి కొలత పిన్ ఉన్న యూఎస్‌బీ కేబుల్. ఇయర్‌ఫోన్. ఫోన్ టార్చ్. రెండు మూడు దూది పుల్లలు, చిన్న సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఈ సీసాని సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మే షాపులో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. చేతులకు రాసుకునే శానిటైజర్ దీనికి పనికిరాదు. దాంట్లో గ్లిజరిన్ ఉంటుంది, కాంటాక్టుల మీద జిగటగా మిగిలిపోతుంది.

కొనడం: ఈ వరసలో చూడండి

1. ఫోన్లో మాట్లాడేటప్పుడే సెల్లు పెట్టే గది మూత తీసి ఫొటో పంపమనండి. ముందువైపు ఫొటోలు ఎన్ని పంపినా లాభం లేదు. స్ప్రింగుల మీద తెల్లపొడి కొద్దిగా ఉంటే ఫర్వాలేదు, బేరానికి పనికొస్తుంది. గది అడుగున పచ్చటి మరకలు పాకి ఉంటే తడి బోర్డు దాకా వెళ్లి ఉండొచ్చు, ధర సగానికి సగం తగ్గించి అడగండి. ఫొటో పంపడానికి నసిగితే వదిలేయండి.

2. చూడకుండా అడ్వాన్స్ వేయొద్దు. మీ పాతది అమ్ముతున్నప్పుడు "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు పడుతుంది" అన్నారంటే అది మోసం. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

3. పగటిపూట కలవండి. బెంజి సర్కిల్ దగ్గరైనా, గుంటూరు బ్రాడీపేటలో అయినా సరే, నీడ పట్టున కాకుండా వెలుతురు పడే చోట నిలబడండి. కారణం ఉంది. గేమ్‌బాయ్ కలర్, మొదటి గేమ్‌బాయ్ అడ్వాన్స్ స్క్రీన్లలో లైటు ఉండదు. ట్యూబ్‌లైటు కింద బొమ్మ మసకగా, దాదాపు నల్లగా కనిపిస్తుంది. "డిస్‌ప్లే పోయింది" అని తక్కువకు అమ్మేవాళ్లు ఉంటారు, ఎండలోకి తెస్తే శుభ్రంగా కనిపిస్తుంది. లాభం మీది. రివర్సులో, ఏసీ గదిలో చూసి కొని బయటకొచ్చాక మచ్చలు కనిపిస్తే నష్టమూ మీదే.

4. మీ సెల్లు వేసి ఆన్ చేయండి. వెలగకపోతే వెంటనే ఆశ వదులుకోవద్దు. స్విచ్‌ని ఇరవై సార్లు అటూ ఇటూ జరిపి మళ్లీ చూడండి. సెల్లను వేలితో కాస్త తిప్పండి. ఒక్క క్షణం వెలిగి ఆరిపోయినా శుభవార్తే, బోర్డు బతికే ఉందన్నమాట. పీఎస్‌పీ అయితే పవర్ మీట కిందికి తోసి హోల్డ్‌లో ఉందేమో చూడండి. అప్పుడు ఏం నొక్కినా పలకదు. బ్యాటరీ లేకపోయినా ఛార్జర్ తగిలిస్తే పీఎస్‌పీ నడుస్తుంది, కాబట్టి "బ్యాటరీ లేదు, చూపించలేను" అనే మాట చెల్లదు.

5. క్యాసెట్ పెట్టినా తెల్ల స్క్రీనో, చెదిరిన కంపెనీ పేరో వస్తే క్యాసెట్ అంచులను ఐపీఏ తడిపిన దూది పుల్లతో తుడిచి మళ్లీ పెట్టండి. నోటితో ఊదొద్దు. ఉమ్మి తడి పడితే ఆ అంచులే తర్వాత నల్లబడతాయి.

6. స్క్రీన్‌లో మూల నుంచి సిరా ఒలికినట్టు నల్లటి మరక ఉంటే లోపలి గాజు పగిలినట్టు, దానికి రిపేరు లేదు, మార్చడమే. ఎండకు కాలినట్టు మధ్యలో గోధుమరంగు మచ్చ ఉంటే పై పొర అయిన పోలరైజర్ పాడైనట్టు, ఓపిక ఉంటే అది ఒక్కటే మార్చొచ్చు. పై అద్దం మీది గీతలను లెక్కలోకే తీసుకోవద్దు.

7. ప్రతి బటన్, ఎల్, ఆర్ మీటలు, వాల్యూమ్, స్పీకర్, ఇయర్‌ఫోన్ ఒక్కొక్కటే చూడండి. ఎస్‌పీకి మామూలు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉండదు, వెతకొద్దు.

ఎస్‌పీ కొనేవాళ్లకు ఒక మాట. వెలుగు ఎక్కువ ఉన్న మోడల్ ఏజీఎస్-101, తక్కువ ఉన్నది ఏజీఎస్-001. వెనక స్టిక్కర్ మీద 101 అని ఉంటే ధర పెంచేస్తారు. స్టిక్కర్ ఉన్నది బాడీ మీద, ఆ బాడీని ఎవరో మార్చేసి ఉండొచ్చు. అందుకని సూర్యుడి గుర్తున్న బటన్ నొక్కండి. లైటు పూర్తిగా ఆరిపోతే అది 001. రెండు స్థాయుల మధ్య మారుతూ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే 101.

క్యాసెట్లలో నకిలీలు చాలా ఎక్కువ. గేమ్‌బాయ్ అడ్వాన్స్ అసలు క్యాసెట్ కింద రాగి పళ్ల పైన బోర్డు మీద తయారీదారు పేరు ముద్రించి ఉంటుంది. లేబుల్‌ని వాలుగా వెలుతురులో పట్టుకుంటే సన్నగా నొక్కిన అంకెలు కనిపిస్తాయి. రంగు మరీ మెరిసిపోతూ, అక్షరాలు మసగ్గా ఉంటే అనుమానించండి. నకిలీది ఆడుకోవడానికి నడుస్తుంది, సేవ్ చేసిన ఆట మాత్రం ఒకరోజు చెప్పాపెట్టకుండా పోతుంది.

విప్పడానికి కావాల్సినవి

- వై ఆకారపు మొన ఉన్న స్క్రూడ్రైవర్. సెల్‌ఫోన్ షాపుల్లో దొరికేది ఐఫోన్ల కోసం చేసిన 0.6 మిల్లీమీటర్లది, గేమ్‌బాయ్‌కి అది మరీ చిన్నది. 2 మిల్లీమీటర్లకు పైన ఉన్నది కావాలి. ఆన్‌లైన్‌లో గేమ్ మెషీన్ల కోసం అని విడిగా అమ్ముతారు
- చిన్న ప్లస్ మొన స్క్రూడ్రైవర్, 00 సైజు
- మల్టీమీటర్, చవకదైనా చాలు, బీప్ మోడ్ ఉండాలి
- 99 శాతం ఐపీఏ 100 మిల్లీలీటర్లు, దూది పుల్లలు, పాత టూత్‌బ్రష్
- తెల్ల వెనిగర్ లేదా నిమ్మరసం, వంట సోడా
- 1000 నంబరు ఎమరీ పేపర్ ముక్క
- 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 లెడ్డు, అతుకు బాగా పట్టడానికి ఫ్లక్స్ (అందరికీ అవసరం పడదు)
- స్క్రూలు పెట్టుకోవడానికి ఐస్ ట్రే

ఐస్ ట్రే తమాషాకు రాయలేదు. ఏ గదిలో ఏ స్క్రూ ఉందో వరసగా పెట్టుకోకపోతే పొడుగు స్క్రూని పొట్టి చోట బిగించి ముందు బాడీకి పొక్కు తెస్తారు.

ఈ వస్తువుల్లో చాలావరకు గవర్నర్‌పేట సెల్‌ఫోన్ సామాన్ల షాపుల్లో, గుంటూరులో అయితే అరండల్‌పేట వైపు దొరుకుతాయి. డిస్‌ప్లే కిట్లు, బాడీలు, రబ్బరు ప్యాడ్లు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. అందుకే జబ్బేంటో తేల్చుకున్నాక ఒకేసారి ఆర్డర్ పెట్టండి.

బాగుచేయడం

1. బ్యాటరీ బయట పెట్టండి. ఏ రిబ్బన్ ముట్టుకునే ముందైనా ఇది తప్పదు. డీఎస్ లైట్‌లో బ్యాటరీ ఉండగా స్క్రీన్ రిబ్బన్ కదిపితే ఫ్యూజ్ పోతుంది, అప్పటిదాకా బాగున్న మెషీన్ మీ చేతిలోనే చస్తుంది.

ఎస్‌పీ, పీఎస్‌పీ, డీఎస్‌ల లిథియం బ్యాటరీ ఉబ్బి ఉంటే వేలితో నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. పీఎస్‌పీ వెనక మూత సరిగా పడకుండా కొంచెం లేచి ఉంటే అదే గుర్తు. బయటికి తీసి, పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చెత్తబుట్టలో వేయొద్దు. మన మే నెల ఎండలో డాబా మీదో, ఆపిన కారులోనో అసలే ఉంచొద్దు.

2. విప్పండి. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి వెనక ఆరు వై స్క్రూలు, సెల్లు పెట్టే గదిలో ఒక ప్లస్ స్క్రూ. మొనని గట్టిగా కిందికి అదిమి నిదానంగా తిప్పండి. జారుతోందంటే సైజు తప్పు. మైనస్ స్క్రూడ్రైవర్‌తో లాగించేద్దామనుకుంటే తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లే గతి. పీఎస్‌పీలో స్క్రూలు వెనక, పక్కన, బ్యాటరీ గదిలో స్టిక్కర్ కింద కూడా ఉంటాయి. ఆ దాగినవి మర్చిపోయి బాడీని పెకలిస్తే మూల విరుగుతుంది. ప్రతి దశకూ ఫొటో తీసుకోండి.

3. చిలుము తీయండి. ఇక్కడ ఎక్కువమంది ఒక తప్పు చేస్తారు. ఏ సెల్లు కారిందో చూడకుండా అన్నిటికీ వెనిగర్ పోస్తారు. ఆల్కలైన్ సెల్లలో ఉండేది క్షారం, కారితే తెల్లగా గట్టి పెచ్చు కడుతుంది. దానికి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ సరి. మన ఇళ్లలో గడియారాలకూ రిమోట్లకూ వేసే మామూలు చవక సెల్లు జింక్-కార్బన్ రకం, వాటినుంచి వచ్చే తడి ఆమ్ల గుణం ఉన్నది. దానికి మళ్లీ ఆమ్లమే పోస్తే ఉపయోగం లేదు, చెంచాడు నీళ్లలో చిటికెడు వంట సోడా కలిపి వాడాలి. కారిన సెల్లు ఇంకా లోపలే ఉంటే దాని మీద రాసి ఉంటుంది. లేకపోతే అగ్గిపుల్ల మొనతో ఒక చుక్క వెనిగర్ పెచ్చు మీద పెట్టి చూడండి. బుసబుసా పొంగితే ఆల్కలైన్.

ముందు పొడిగా ఉన్న పెచ్చుని పుల్లతో గీకి దులపండి. తర్వాత దూది పుల్లని తడిపి, చుక్కలు కారకుండా పిండి, తుడవండి. పొంగడం ఆగేదాకా పుల్లలు మారుస్తూ పోండి. మంచినీళ్లతో తడిపిన పుల్లతో ఒకసారి, ఐపీఏతో ఇంకోసారి తుడిచి అరగంట ఆరనివ్వండి. చివర్లో ఎమరీ ముక్కతో లోహం మెరిసేదాకా రుద్దండి. మెరుపు పూత పూర్తిగా పోయి ఎర్రగా తేలితే, పలచగా లెడ్డు పూయండి, మళ్లీ తుప్పు పట్టదు.

సరిచూసుకోవడం: మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఒక మొన సెల్లు ఆనే టెర్మినల్ మీద, రెండోది బోర్డు మీద అది కలిసే చోట ఆనించండి. బీప్ రావాలి. రాకపోతే పచ్చపొర కిందినుంచి పాకి దారి తెగిందన్నమాట. సన్న ఎనామిల్ తీగతో ఆ రెండు చోట్లనీ కలపండి.

4. స్విచ్ కడగండి. "ఆడుతుంటే ఆగిపోతోంది", "ఎర్ర లైటు మసకగా ఉంది", "కొత్త డిస్‌ప్లే వేశాక మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది". ఈ మూడు ఫిర్యాదులకీ ముందు అనుమానించాల్సింది పవర్ స్విచ్‌నే. లోపలి రాగి పలకలు ఏళ్ల తరబడి నల్లబడి, కరెంటుని సగం దారిలో మింగేస్తాయి. స్విచ్ ఆన్‌లో పెట్టి, సెల్లు తీసేసి, దాని రెండు కాళ్ల మధ్య ఓంలు కొలవండి. ఒక ఓం లోపుంటే బాగున్నట్టు. ఐదు ఓంలు ఉందనుకోండి, మెషీన్ 0.2 ఆంపియర్లు లాగేటప్పుడు ఒక వోల్టు అక్కడే ఖర్చయిపోతుంది. రెండు సెల్ల 3 వోల్టుల్లో ఒకటి పోతే మిగిలేదేముంది?

స్విచ్ సందులో రెండు చుక్కల ఐపీఏ వేసి యాభై సార్లు జరపండి. పక్కల నుంచి లేత టీ రంగు నీరు బయటికొస్తుంది. అది తుడిచేసి ఇంకో రెండు చుక్కలు వేసి మళ్లీ యాభై సార్లు. రెండోసారి వచ్చే నీరు తేటగా ఉంటే పని అయినట్టు. ఆరాక మళ్లీ కొలవండి. రెండు మూడు విడతలకూ తగ్గకపోతే స్విచ్ మార్చాలి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కొట్టొద్దు, ఆ జిడ్డు దుమ్ముని పట్టుకుని ఆరు నెలల్లో మొదటికి తెస్తుంది.

5. ఫ్యూజ్ చూడండి. బోర్డు మీద ఎఫ్ అక్షరంతో మొదలయ్యే చిన్న ముక్కలు ఫ్యూజులు. డీఎస్ లైట్‌లో ఎఫ్1, ఎఫ్2 అని రాసి ఉంటుంది. రెండు చివర్లా బీప్ రాకపోతే పోయినట్టు. అన్ని ఆంపియర్లకే చేసిన కొత్తది వేయండి. తీగ ముక్కతో అతికిస్తే ఇవాళ నడుస్తుంది, రేపు ఛార్జర్ తేడా చేస్తే బోర్డే కాలుతుంది. ఎస్‌పీకి, మొదటి డీఎస్‌కీ ఒకే ఛార్జర్ సరిపోతుంది. డీఎస్ లైట్‌ది వేరు. బలవంతంగా గుచ్చొద్దు.

6. బటన్లు. టీవీ రిమోట్ బాగుచేసినట్టే. రబ్బరు ప్యాడ్ తీసి, అడుగున నల్ల చుక్కల్ని ఐపీఏతో ఒక్కసారి మెల్లగా అద్దండి, రుద్దితే ఆ నలుపే లేచిపోతుంది. బోర్డు మీది బంగారు గళ్లని మాత్రం బాగా తుడవండి. నల్లచుక్క అరిగిపోతే కొత్త ప్యాడ్ తెప్పించండి. 2బి పెన్సిల్ రాయడం కొన్నాళ్లు నడిపిస్తుంది, అంతే.

బ్రిక్ గేమ్‌లో గడులు సగం కనిపించకపోతే దోషం గాజుకీ బోర్డుకీ మధ్య ఉండే చారల రబ్బరు పట్టీది. దాన్ని ఐపీఏతో తుడిచి, సరిగ్గా మధ్యలో పెట్టి, స్క్రూలన్నీ సమానంగా బిగిస్తే చాలు.

7. పీఎస్‌పీ పనులు. అనలాగ్ మీట దానంతటదే ఒకవైపు లాగుతుంటే తీసి, కింద రబ్బరు కాంటాక్టునీ, అది ఆనే చోటునీ తుడవండి. తగ్గకపోతే మీట మొత్తం కొత్తది వేయండి. బ్యాటరీ కొనేటప్పుడు మోసపోయేది ఇక్కడే. 1000కి అసలు బ్యాటరీ 1800 మిల్లీ ఆంపియర్ అవర్లు, 2000, 3000కి 1200. సన్న బ్యాటరీ మీద 3600 అని రాసి ఉంటే అది అంకెల గారడీ, అంత చోట అంత పట్టదు. పీఎస్‌పీ సొంత మెమరీ కార్డు అయిన మెమరీ స్టిక్ ప్రో డ్యుయో బదులు మైక్రో ఎస్‌డీ అడాప్టర్ వాడొచ్చు, 32 జీబీ కార్డు హాయిగా నడుస్తుంది. కార్డుని పీఎస్‌పీలోనే ఫార్మాట్ చేయండి. కంప్యూటర్‌లో చేస్తే ఫ్యాట్32 ఎంచుకోండి, ఎక్స్‌ఫ్యాట్ అయితే మెషీన్ గుర్తుపట్టదు. జపాన్ నుంచి వచ్చిన మెషీన్‌లో ఓకే చెప్పడానికి గుండ్రం బటన్ నొక్కాలి, అది పాడైనట్టు కాదు.

8. డిస్‌ప్లే మార్చడం. పై పనులన్నీ అయి, పాత స్క్రీన్‌తో అరగంట ఆగకుండా నడిచాకే ఇది. గేమ్‌బాయ్ అడ్వాన్స్ బోర్డులు రెండు రకాలు, రిబ్బన్ కనెక్టర్‌లో 32 పిన్నులవి, 40 పిన్నులవి. రెండు రిబ్బన్లూ ఇచ్చే ఐపీఎస్ (లోపలే లైటు ఉన్న కొత్త రకం స్క్రీన్) కిట్ కొంటే చింత లేదు. పాత బాడీలో వేయాలంటే లోపలి ప్లాస్టిక్ గట్లు కొన్ని కత్తిరించాలి. ఇష్టం లేకపోతే ఐపీఎస్ కోసమే చేసిన బాడీ తీసుకోండి, పాత బాడీ దాచుకోండి.

కనెక్టర్ తాళం రెండు వైపులా గోటితో పైకి లేపి, పాత రిబ్బన్ లాగి, కొత్తది వంకర లేకుండా చివరిదాకా దించి తాళం వేయండి. బాడీ బిగించకుండానే సెల్లు వేసి వెలిగించి చూడండి. గీతలొస్తే రిబ్బన్ ఒక వెంట్రుకవాసి పక్కకు వెళ్లిందని అర్థం, తీసి మళ్లీ పెట్టండి. అంతా బాగున్నాకే రక్షణ ఫిల్మ్ తీయండి.

ఫిల్మ్ తీసే రెండు నిమిషాలూ సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము కొత్త అద్దం కింద చేరితే రోజూ కళ్లకు అడ్డం పడుతుంది. రోహిణి కార్తెలో ఫ్యాన్ ఆపితే నుదుటి చెమట చుక్క నేరుగా స్క్రీన్ మీదే పడుతుంది కాబట్టి ఈ పనికి తెల్లవారుజాము పెట్టుకోండి. అద్దం అతికించడానికి ఫెవిక్విక్ జోలికి పోవద్దు. దాని ఆవిరి లోపల తెల్లటి మంచులా పట్టేస్తుంది, పోదు. రెండువైపుల టేపు వాడండి.

మొదటి గేమ్‌బాయ్‌లో నిలువు గీతలు మాయమైతే డిస్‌ప్లే కొనక్కర్లేదు. స్క్రీన్ అడుగు అంచున రిబ్బన్ అతుకు వదులైంది. మెషీన్ ఆన్‌లో ఉంచి, సోల్డరింగ్ ఐరన్‌ని తక్కువ వేడితో ఆ పట్టీ మీద మెల్లగా జరపండి, గీతలు ఒక్కొక్కటే తిరిగొస్తాయి. ఒకే చోట ఆపితే పట్టీ కాలిపోతుంది. అడ్డ గీతలు పోతే ఈ వైద్యం వేరే అంచున, అక్కడ పొరపాటుకు అవకాశం ఎక్కువ.

9. పసుపెక్కిన బాడీ. బూడిదరంగు గేమ్‌బాయ్ పసుపుగా మారితే మెడికల్ షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెడతారు. ముందు బోర్డు, స్క్రూలు, స్టిక్కర్లు అన్నీ తీసేయాలి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు. గాజు గిన్నెలో బాడీ పూర్తిగా మునగాలి, పైకి తేలిన చోట చారలు పడతాయి. గంటకోసారి తిప్పండి. మూత బిగించొద్దు, గ్యాస్ వస్తుంది. బెజవాడ మధ్యాహ్నం ఎండలో ద్రవం వేడెక్కి ప్లాస్టిక్ వంకరపోతుంది, ఉదయం ఏడు నుంచి పది దాకా చాలు, రెండు మూడు రోజులు చేయండి. కొన్నేళ్లకు పసుపు మళ్లీ రావచ్చు. నిజానికి ఇది అవసరమైన పని కాదు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం ఏ ప్లాస్టిక్ మీదా వేయొద్దు, కరిగిపోతుంది.

10. క్యాసెట్ బ్యాటరీ. పాత గేమ్‌బాయ్ క్యాసెట్లలో ఆట సేవ్ అయ్యేది లోపలి బిళ్ల బ్యాటరీ బలంతోనే. అది తీస్తే సేవ్ పోతుంది, ముందే తెలుసుకోండి. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటల క్యాసెట్లలో సీఆర్2025 రకం బిళ్ల ఉంటుంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆట అయిన పోకెమాన్ ఎమరాల్డ్‌లో బ్యాటరీ అయిపోయిందని సందేశం వస్తే కంగారు పడొద్దు, అక్కడ ఆగేది గడియారం ఒక్కటే, సేవ్ చెక్కుచెదరదు. కొత్తది కొనేటప్పుడు రేకు కాళ్లు అతికించి ఉన్నదే తీసుకోండి. బిళ్ల మీద నేరుగా ఐరన్ పెట్టి వేడిచేస్తే పేలొచ్చు. ప్లస్, మైనస్ బోర్డు మీద రాసి ఉంటాయి.

బిగించాక

ప్లాస్టిక్‌లో స్క్రూ బిగించేటప్పుడు ముందు ఎడమవైపుకు ఒక చుట్టు తిప్పండి. "టక్" మని పాత మరలో కూర్చున్నాక కుడివైపుకు బిగించండి, ఆనగానే ఆపండి. ఇంకొంచెం అని తిప్పితే మర అరిగిపోతుంది.

కొత్త సెల్లతో, వెలుతురు, వాల్యూమ్ రెండూ గరిష్ఠంగా పెట్టి అరగంట ఆడించండి. మధ్యలో మెషీన్‌ని మెల్లగా తట్టండి, కాస్త ఊపండి. తట్టినప్పుడు ఆరిపోతే టెర్మినల్ స్ప్రింగు వదులు, కొద్దిగా బయటికి వంచండి. వాల్యూమ్ పెంచినప్పుడే రీస్టార్ట్ అయితే స్విచ్ ఇంకా శుభ్రపడలేదు, నాలుగో అంచెకు వెళ్లండి. ఎస్‌పీకి కొత్త బ్యాటరీ వేస్తే పూర్తిగా ఛార్జ్ చేసి లైటుతో ఎన్ని గంటలు వస్తోందో రాసి పెట్టుకోండి. కొత్తప్పుడు లైటుతో పది గంటల దాకా వచ్చే మెషీన్ అది. మూడు గంటలకే ఆగితే బ్యాటరీ మంచిది కాదు, గడువు ఉండగానే వెనక్కి పంపండి.

నెలకు మించి ఆడకుండా పక్కన పెట్టేటట్టయితే పెన్సిల్ సెల్లు తీసేయండి. లిథియం బ్యాటరీ అయితే సగం ఛార్జ్‌తో పెట్టి, మూడు నెలలకోసారి చూసుకోండి.